గళ్ళ గుడ్డ, తోలు, వెన్నెముక: ఐరోపా కార్ల సీట్ల చరిత్ర

చిన్నతనంలో ఒక వేసవిలో మా కుటుంబం అద్దె అంబాసిడర్ కారులో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కింది. ముందు సీటు బల్లలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఉండేది. దాని మీద నున్నటి రెక్సిన్. ప్రతి మలుపులోనూ పిల్లలం ఒకరి మీద ఒకరం జారిపడి నవ్వుకునేవాళ్ళం. డ్రైవరు మాత్రం స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకొని, ఎడమ మోకాలిని గేరు కడ్డీ వైపు ఆనించి కూర్చున్నాడు. అతడు బండిని తిప్పడానికి ఎంత బలం వాడాడో, తాను పక్కకు జారకుండా ఉండడానికీ అంతే వాడి ఉంటాడని నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తట్టలేదు.

లెక్క సులభమే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో 50 మీటర్ల వ్యాసార్థం గల మలుపు తిరిగితే, 70 కిలోల మనిషికి తనను పక్కకు నెడుతున్నట్టు తోచే బలం దాదాపు 40 కిలోల బరువుకు సమానం. ఆ బలాన్ని ఎవరో ఒకరు ఆపాలి. సీటు ఆపకపోతే నడుము కండరాలు, భుజాలు, మోకాళ్ళు ఆపాలి. ఐరోపా కార్ల కంపెనీలు ఫ్యాక్టరీలోనే అమర్చి ఇచ్చే స్పోర్ట్స్ సీటు పుట్టింది ఈ అవసరం నుంచే. అది క్రమంగా వైద్యుల చేతుల్లోకీ, ఆ తరువాత అమ్మకాల విభాగం చేతుల్లోకీ ఎలా వెళ్ళిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. వృత్తిరీత్యా వైద్యుణ్ణి కనుక, కథను వెన్నెముక వైపు నుంచి చూస్తున్నాను.

యజమానికి గుడ్డ, డ్రైవరుకు తోలు

నేడు కారులో తోలు సీటు అంటే హోదా. తొలి కార్ల కాలంలో పరిస్థితి వేరు. గుర్రపు బండి నుంచి కారుకు సంక్రమించిన ఆచారం ప్రకారం, ఎండా వానా తగిలే ముందు భాగంలో జీతగాడైన డ్రైవరు కూర్చునేవాడు. తడిసినా తుడుచుకోవచ్చు, త్వరగా చిరగదు కనుక అతడి సీటుకు తోలు వేసేవారు. వెనుక, అద్దాల గదిలో కూర్చునే యజమానికి మెత్తటి ఉన్ని గుడ్డ. తోలు ఒంటికి చల్లగా తగులుతుంది, జారుతుంది. గుడ్డ వెచ్చగా ఉంటుంది, చప్పుడు చేయదు. యజమాని తానే బండి నడపడం మొదలుపెట్టాక ఈ తేడా మాసిపోయింది. 1878లో లండన్‌లో మొదలైన కొనోలీ బ్రదర్స్ సంస్థ తోలు రోల్స్‌రాయిస్, జాగ్వార్ కార్లలోకి వచ్చి, చివరికి తోలే సంపదకు గుర్తుగా నిలిచింది.

తోలు కొనలేనివారికి తోలులాంటిది కావాలి. మాంచెస్టర్ సమీపంలోని హైడ్ పట్టణంలో ఒక కంపెనీ గుడ్డ మీద సెల్యులోజ్ నైట్రేట్ పూత పూసి కృత్రిమ తోలు తయారుచేసేది. ఆ కంపెనీ పేరు రెక్సిన్. సంచుల మీదా, పుస్తకాల అట్టల మీదా, సైకిలు సీట్ల మీదా మనం రోజూ వాడుకునే మాట నిజానికి ఒక ఇంగ్లీషు కంపెనీ వ్యాపార నామం. జర్మనీలో మెర్సిడెస్ కంపెనీ తన వినైల్ తొడుగుకు ఎంబీ-టెక్స్ అని పేరు పెట్టింది. ఇరవై ఏళ్ళు వాడినా చెక్కుచెదరదని దానికి నేటికీ పేరుంది. పైపొర ఏదైనా, ఆనాటి జర్మన్ సీట్ల లోపల స్ప్రింగుల మీద ఉండేది రబ్బరు పాలతో బిగించిన గుర్రపు వెంట్రుకలో, కొబ్బరి పీచో.

శరీరాన్ని పట్టుకునే సీటు

స్పోర్ట్స్ సీటు చరిత్రలో ముఖ్యమైన ఊరు ష్టుట్‌గార్ట్. అక్కడ 1906లో విల్‌హెల్మ్ రాయిటర్ కారు బాడీలు తయారుచేసే సంస్థను స్థాపించాడు. తరువాతి కాలంలో పోర్షె 356 బాడీలు తయారైంది అక్కడే. 1963లో ఆ బాడీల కార్ఖానాను పోర్షె కొనేసింది. మిగిలిన సీట్ల వ్యాపారానికి, రాయిటర్ పేరులోని మొదటి అక్షరాలనూ, బాడీ తయారీని సూచించే జర్మన్ మాటలోని మొదటి అక్షరాలనూ కలిపి రెకారో అని పేరు పెట్టుకున్నారు. ఈ సంస్థ 1965లో తన స్పోర్ట్స్ సీటును మార్కెట్టులోకి తెచ్చింది.

అందులోని ఆలోచన సూటిగా ఉంటుంది. వీపుకు ఇరువైపులా, తొడలకు ఇరువైపులా గట్టి నురుగుతో ఎత్తైన గట్లు కడతారు. మలుపులో శరీరం పక్కకు ఒరగబోతే పక్కటెముకలనూ, తుంటినీ ఆ గట్లు ఆపుతాయి. చేతులు స్టీరింగుకు, కాళ్ళు పెడళ్ళకు మాత్రమే పనిచేస్తాయి. మొదట్లో ఔత్సాహికులు పాత సీటు ఊడదీసి ఇది బిగించుకునేవారు. కార్ల కంపెనీలు అది చూసి, తామే ఆర్డరు పత్రంలో ఒక ఐచ్ఛికంగా చేర్చాయి. మోకాళ్ళ కింద ఆనేలా తొడ భాగాన్ని ముందుకు లాగుకునే ఏర్పాటును బీఎండబ్ల్యూ తన స్పోర్ట్స్ సీట్లలో పెట్టింది. పొడవాటి కాళ్ళవారికి అది పెద్ద ఊరట.

ఆనాటి స్పోర్ట్స్ సీట్ల మధ్య భాగానికి గుడ్డ వేయడం ఖర్చు తగ్గించుకోవడానికే అనుకుంటే పొరపాటు. గుడ్డకు ఒరిపిడి ఎక్కువ, కనుక జారనివ్వదు. గాలి ఆడనిస్తుంది, కనుక వీపు తడవనివ్వదు. పక్క గట్లకు కృత్రిమ తోలు, ఒళ్ళు ఆనేచోట గుడ్డ అనే పొందిక ఇంజనీరింగు దృష్టితో చూసినా సరైనదే. 1960లలో పోర్షె 911కు నలుపు తెలుపు చిన్న గళ్ళ పెపీటా గుడ్డ ఐచ్ఛికంగా ఉండేది. 1977లో జెనీవాలో తొలిసారి చూపిన పోర్షె 928లో, పందెపు జెండా గాలికి అలలెత్తినట్టుండే పాషా నమూనా వచ్చింది. ఆనాడు చాలామందికి కళ్ళు తిరిగిన ఆ గుడ్డ కోసం నేడు పాత కార్ల సేకర్తలు వెతుక్కుంటున్నారు.

వీటన్నిటికన్నా ప్రసిద్ధమైన గుడ్డ వెనుక ఉన్నది ఒక స్త్రీ. గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ పింగాణీ మీద బొమ్మలు వేయడంలో శిక్షణ పొంది, మిఠాయి పెట్టెలకు డిజైన్లు చేసి, 1964లో ఫోక్స్‌వాగన్ వారి గుడ్డలూ రంగుల విభాగంలో చేరింది. 1976లో అమ్మకానికి వచ్చిన గోల్ఫ్ జీటీఐ కారు లోపలి భాగాన్ని తీర్చే పని ఆమెకు అప్పగించారు. బ్రిటన్‌లో తాను చూసిన గళ్ళ ఉన్ని గుడ్డలు మనసులో పెట్టుకొని, నలుపు మీద ఎరుపు గళ్ళు అల్లించింది. గోల్ఫ్ బంతిని గేరు కడ్డీకి పిడిగా పెట్టాలన్న ఊహ కూడా ఆమెదే. కంపెనీ 5,000 కార్లు మాత్రమే అమ్ముడవుతాయనుకుంది. మొదటి తరం జీటీఐ 4,50,000కు పైగా అమ్ముడయింది. యాభై ఏళ్ళు కావస్తున్నా ఆ గళ్ళ గుడ్డ ఆ కారుకు ఆనవాలుగానే ఉంది.

వైద్యులు చెప్పిన సంగతి

పక్కకు జారకుండా ఆపడం సీటు చేసే పనుల్లో ఒకటి. అంతకన్నా ఎక్కువసేపు చేసే పని వెన్నెముకను మోయడం. స్వీడన్ వైద్యుడు బెంట్ ఓకెర్‌బ్లూమ్ 1948లోనే నిలుచోవడం, కూర్చోవడం మీద తన సిద్ధాంత గ్రంథం వెలువరించి, నడుముకు ఆనిక అవసరమని వాదించాడు. 1953లో అమెరికా వైద్యుడు కీగన్ ఎక్స్‌రేల సాయంతో, కూర్చున్నప్పుడు నడుములోని సహజమైన వంపు చదునవుతుందని చూపాడు. 1960లలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన ఆల్ఫ్ నాకెమ్సన్ మరింత సాహసం చేశాడు. బతికున్న మనుషుల వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది పంపి, అక్కడి ఒత్తిడిని నేరుగా కొలిచాడు. ఆనిక లేకుండా కూర్చున్నప్పటి ఒత్తిడి నిలుచున్నప్పటికన్నా ఎక్కువని ఆయన కొలతలు చెప్పాయి. 1974లో గున్నార్ ఆండర్సన్, నాకెమ్సన్ బృందం ఇవే కొలతలను కారు డ్రైవరు సీటులో తీసింది. వీపు భాగం వెనక్కు వాలే కొద్దీ, నడుము ఆనిక పెరిగే కొద్దీ ఒత్తిడి తగ్గింది.

ఈ విజ్ఞానం కూడా తుది మాట కాదని ఒప్పుకోవాలి. 1999లో జర్మనీలోని ఉల్మ్‌లో విల్కె బృందం ఒక వ్యక్తి డిస్కులో కొలిచినప్పుడు, సడలి కూర్చున్నప్పటి ఒత్తిడి నిలుచున్నప్పటికన్నా ఎక్కువేమీ కాదని తేలింది. పాత బొమ్మలను పాఠంగా చెప్పే మాలాంటివారికి అది హెచ్చరిక. అయితే వెనక్కు వాలితే డిస్కు మీద భారం తగ్గుతుందన్న అంశంలో రెండు కొలతలూ ఏకీభవించాయి.

స్వీడన్ వైద్యులు ఇంత చెబుతుంటే స్వీడన్ కార్ల కంపెనీలు ఊరకుండలేదు. వోల్వో 1965లోనే ముందు సీట్లలో, అవసరాన్ని బట్టి బిగించుకోగల నడుము ఆనికను పెట్టింది. అదే ఏడాది ష్టుట్‌గార్ట్ నుంచి వచ్చిన సీటు పక్కలను పట్టుకుంటే, గోథెన్‌బర్గ్ నుంచి వచ్చిన సీటు నడుమును మోసింది. మంచి సీటుకు ఈ రెండూ కావాలి.

ఎవరి శరీరం?

రెండేళ్ళ క్రితం నా దగ్గరకు ఒకావిడ నడుము నొప్పితో వచ్చారు. గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. ఎత్తు అయిదడుగులు. రోజూ రెండు గంటలు కారు నడుపుతారు. కొత్త ఐరోపా కారు, స్పోర్ట్స్ సీట్లు, మేలిరకం తోలు. “డాక్టరు గారూ, ఇంత ఖరీదు పెట్టి కొన్నాం, సీటుదేం తప్పుంటుంది?” అన్నారు. పరీక్షలో పెద్ద లోపమేమీ కనపడలేదు. క్లినిక్ బయట నిలిపిన ఆ కారులో ఆమెను కూర్చోబెట్టి చూశాను. వీపు గట్లు పక్కటెముకలను కాక భుజాలను తాకి ముందుకు నెడుతున్నాయి. నడుము ఆనిక ముందుకు వెనక్కు మాత్రమే కదులుతుంది, పైకీ కిందికీ కదలదు. ఆ ఉబ్బు ఆమె నడుము వంపుకు నాలుగు వేళ్ళ పైన గుచ్చుకుంటోంది. నాలుగు దిశల్లోనూ కదిలే ఆనిక ఆ కారుకు లభించేదే. ఆర్డరు పత్రంలో మరో ఖరీదైన మూటలో ఉన్నందువల్ల తీసుకోలేదట.

సీటు గీసే ఇంజనీరు ముందు ఒక ఊహాదేహం ఉంటుంది. సీటు కొలతలకు ప్రపంచమంతా వాడే బొమ్మ బరువు సగటు పురుషుడిది. వెనుక నుంచి మరో కారు గుద్దినప్పుడు మెడకు దెబ్బ తగిలే ప్రమాదం స్త్రీలకు ఎక్కువని చాలాకాలంగా తెలుసు. వోల్వో 1998లో ఎస్80 కారుతో, గుద్దినప్పుడు వీపుతో పాటు వెనక్కు ఒదిగే సీటును తెచ్చింది. అయినా అటువంటి ప్రమాదాలలో సీటును పరీక్షించడానికి సగటు స్త్రీ దేహానికి సరిపోయే బొమ్మను స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం లోకానికి చూపేసరికి 2022 వచ్చింది. సీటు మీది గుడ్డను 1976 నాటికే ఒక స్త్రీ ఎంచింది. సీటు లోపలి కొలతల్లోకి స్త్రీ శరీరం రావడానికి మరో తరం పైనే పట్టింది.

ఈలోగా స్పోర్ట్స్ అనే మాట అర్థం మారింది. నేటి ఆర్డరు పత్రాలలో అది చాలావరకు గట్ల ఎత్తునూ, కుట్టు దారం రంగునూ, తోలు రకాన్నీ సూచించే మాట. జారని గుడ్డ చవక రకంగా దిగిపోయింది. జారే తోలు పైమెట్టెక్కింది. తొలి కార్ల డ్రైవరు తోలు సీటు వంటిదే నేడు యజమాని అదనపు డబ్బు కట్టి కొనుక్కుంటున్నాడు. 1965లో ఈ దారి తీసిన రెకారో సంస్థ జర్మనీలోని కార్ల సీట్ల విభాగం 2024లో దివాలా పిటిషన్ వేసింది.

కారు కొనబోయే మిత్రులు అడిగితే నేను చెప్పేది ఇంతే. షోరూములో తోలు వాసన చూసి లేచి రాకండి. పావుగంట కదలకుండా కూర్చోండి. గట్లు పక్కటెముకలను తాకాలి, భుజాలను నెట్టకూడదు. మోకాలి వెనుక రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. వీపు భాగం కొద్దిగా వెనక్కు వాలాలి. నడుము ఆనిక మీ నడుము దగ్గరికే వస్తుందో లేదో చూడండి; తోలుకు పెట్టే డబ్బు ముందు దానికి పెట్టండి. కారు ఎక్కువగా ఎవరు నడుపుతారో వారినే కూర్చోబెట్టి చూడండి.

ఆవిడ చివరికి ఆ ఉబ్బును పూర్తిగా లోపలికి తీయించుకొని, నడుము వంపు దగ్గర తువ్వాలు చుట్టగా చుట్టి పెట్టుకున్నారు. నెలరోజుల్లో నొప్పి చాలావరకు తగ్గింది. మా ఊళ్ళో అంబాసిడర్ డ్రైవర్లు సీటు మీద తెల్ల తువ్వాలు పరుచుకునేవారు. అది చెమటకే అనుకునేవాణ్ణి. రెక్సిన్ మీద జారకుండా ఉండడానికి కూడా అది పనికివచ్చి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది.