మొరగని కుక్క



అశోక్ చౌక్‌లో పెరిగినవాళ్ళకు మగ్గం చప్పుడూ, కుక్కల అరుపూ రెండూ చిన్ననాటి నుంచి చెవిలో ఉంటాయి. నా చిన్నప్పుడు మా పక్కింటి కార్ఖానాలో ఒక కుక్క ఉండేది. ఒక రాత్రి అక్కడ నూలు బండిళ్ళు పోయాయి. తెల్లవారేసరికి వాడకట్టంతా ఒకటే మాట: "కుక్క మొరగలేదంటే, వచ్చింది తెలిసినవాళ్ళే." ఆ మాట తిరిగి తిరిగి కండెలు చుట్టడానికి వచ్చే ఒక అక్క మీద పడింది. ఆమె సంగతి తర్వాత చెబుతాను. ఇదే మాట ఒకప్పుడు అమెరికా దేశాన్నంతా ఊపేసింది. ముందు ఆ కథ వినండి.

సోలాపూర్‌లో 1930 మే నెలలో మార్షల్ లా వచ్చిందని, 1931 జనవరి 12న మన నలుగురు వీరులను యెరవడ జైలులో ఉరితీశారని మీకు తెలుసు. ఆ మరుసటి ఏడు, 1932 మార్చి 1 రాత్రి. న్యూజెర్సీ రాష్ట్రంలో హోప్‌వెల్ దగ్గర కొత్తగా కట్టుకున్న ఇంట్లో చార్లెస్ లిండ్‌బర్గ్ కొడుకు మాయమయ్యాడు. 1927లో న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఒంటరిగా, మధ్యలో దిగకుండా విమానం నడిపిన లిండ్‌బర్గే ఈయన. పిల్లవాడికి ఇరవై నెలలు. మేడ మీది గదిలో పడుకోబెట్టిన ఆయా బెట్టీ గౌ పది గంటలకు వెళ్ళి చూస్తే ఉయ్యాల మంచం ఖాళీ. కిటికీ దగ్గర యాభై వేల డాలర్లు అడుగుతూ ఒక చీటీ. బయట, ఇంటికి కొంచెం దూరంలో, చేత్తో చేసిన మూడు ముక్కల చెక్క నిచ్చెన.

ఆ ఇంట్లో వాహ్‌గూష్ అని ఒక చిన్న టెరియర్ కుక్క ఉంది. అది మొరగలేదు.

ఇక చెప్పేదేముంది! షెర్లాక్ హోమ్స్ కథల్లో, 1892లో వచ్చిన ఒకదానిలో, రాత్రి మొరగని కుక్కను బట్టే దొంగ తెలిసినవాడని తేలుతుంది. ఇక్కడా అలాగే అనుకున్నారు చాలామంది. దానికి తోడు ఇంకో సంగతి. ఆ కుటుంబం మామూలుగా సోమవారం నాటికి ఎంగిల్‌వుడ్‌లోని ఆన్ లిండ్‌బర్గ్ పుట్టింటికి వెళ్ళిపోయేది. ఆ వారం పిల్లవాడికి జలుబు చేసి మంగళవారం కూడా ఉండిపోయారు. ఆ సంగతి ఇంటివాళ్ళకు, పనివాళ్ళకు తప్ప బయటివాడికి ఎలా తెలుస్తుంది? అనుమానం పనివాళ్ళ మీదికి పోయింది. బెట్టీ గౌ స్నేహితుణ్ణి పట్టుకున్నారు. అతని కారులో ఖాళీ పాలసీసా దొరికింది. తనకు పాలంటే ఇష్టమని అతడు మొత్తుకున్నాడు. తర్వాత ఈ కేసుతో అతనికి సంబంధం లేదని తేలింది.

వాయొలెట్ షార్ప్ గతి అలా కాలేదు. ఎంగిల్‌వుడ్ ఇంట్లో పనిచేసే ఇంగ్లండు అమ్మాయి ఆమె. పోలీసులు మళ్ళీ మళ్ళీ ప్రశ్నించారు. ఆ సాయంత్రం ఎవరితో బయటికి వెళ్ళిందో చెప్పడంలో తడబడింది, మాట మార్చింది. జూన్ 10న మళ్ళీ రమ్మని కబురు వచ్చేసరికి ప్రాణం తీసుకుంది. ఆమెతో ఆ సాయంత్రం బయటికి వెళ్ళినవాళ్ళు తర్వాత బయటపడి, నిజమే, మాతోనే ఉందని చెప్పారు.

కుక్క ఎందుకు మొరగలేదు? ఆన్ తన అత్తగారికి రాసిన ఉత్తరంలో దీనికి జవాబు ఉంది. కుక్క ఇంటికి రెండో చివర ఉంది. ఆ రాత్రి గాలి హోరున వీస్తోంది. అంత దూరం దానికి వినబడే వీలు లేదు. అంతే! ఇంకొకటి గమనించండి. లిండ్‌బర్గ్ స్వయంగా ఆ రాత్రి చెక్క విరిగినట్టు ఒక చప్పుడు విన్నాడు. వంటింట్లో పళ్ళపెట్టె పలక ఏదో పడిందనుకొని లేవలేదు. మనిషికి విని కూడా పట్టనప్పుడు, వినబడని కుక్కను సాక్షిగా నిలబెట్టడం ఏం న్యాయం?

పిల్లవాడి శవం మే 12న ఇంటికి నాలుగైదు మైళ్ళ దూరంలో దొరికింది. యాభై వేల డాలర్లు అప్పటికే ఏప్రిల్ 2న ఒక శ్మశానంలో చేతులు మారాయి. ఆ నోట్ల నంబర్లు రాసిపెట్టారు కాబట్టి 1934 సెప్టెంబరులో, పెట్రోలు పోయించుకొని అలాంటి నోటు ఇచ్చిన బ్రూనో హాప్ట్‌మన్ అనే వడ్రంగి చిక్కాడు. అతని గ్యారేజీలో పదమూడు వేల డాలర్లకు పైగా దొరికాయి.

నిచ్చెన సంగతి మన నేతపనివాళ్ళకు బాగా అర్థమవుతుంది. అంచు చూసి ఈ చద్దరు ఏ మగ్గం మీద నేసిందో చెప్పగలవాళ్ళు మనలో ఉన్నారు గదా! ఆర్థర్ కోహ్లర్ అనే కలప నిపుణుడు అలాంటివాడే. నిచ్చెన చెక్క మీద చిత్రిక యంత్రం వదిలిన గీతలు పట్టుకొని, మిల్లు మిల్లుకూ తిరిగి, చివరకు బ్రాంక్స్‌లోని ఒక కలప అడితి దాకా వచ్చాడు. హాప్ట్‌మన్ ఉండేదీ ఆ బ్రాంక్స్‌లోనే. నిచ్చెనలో ఒక కర్ర అతని అటక నేలపలకతో సరిపోయిందని కోర్టులో చెప్పాడు. 1936 ఏప్రిల్ 3న హాప్ట్‌మన్‌కు మరణశిక్ష అమలైంది. తాను నిర్దోషినని అతడు చివరిదాకా అన్నాడు. ఆ వాదన ఈనాటికీ తెగలేదు. కానీ ఏ ఒక్క పనిమనిషి మీదా నేరం రుజువు కాలేదు.

ఇక మా వాడకట్టు సంగతి. ఆ కార్ఖానాలో రాత్రిపాళీ నడిచేది. కుక్క మగ్గాల పక్కనే, ఆ హోరులోనే పడుకునేది. అది లేచి అరిచేది ఎప్పుడో తెలుసా? కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు! ఇది మా వీధి పిల్లలందరికీ తెలుసు. పెద్దలు మమ్మల్ని అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ అక్క మరి కండెలు చుట్టడానికి రాలేదు. ఇంట్లోనే కూర్చొని బీడీలు చుట్టుకునేది. మా అమ్మ ఎదురుపడితే తలవంచుకొని పోయేది.