విజ్జ పండుం: భద్రాచలం మన్యంలో విత్తనాల పంపకం

గోదావరి, శబరి తీరాల అడవుల్లోనూ, ఖమ్మం మైదానం అడవిని తాకే పల్లెల్లోనూ కోయలు తొలకరికి ముందు జరుపుకునే విజ్జ పండుం, అనగా విత్తనాల పండుగ, భూదేవి ఆరాధన మాత్రమే కాక ఊరి విత్తనాన్ని ఏటేటా కలిపి పంచే ఏర్పాటు కూడా. భూమి పండుగ అని కూడా వ్యవహరించే దీనిని బస్తర్‌లోని గోండు సమూహాలు సైతం జరుపుకుంటాయి.

పండుగనాడు ప్రతి ఇంటి నుంచి జొన్న, కొర్ర, సామ, కంది వంటి గింజలు దోసెడేసి దేవత రాయి ముందుకు చేరగా, పూజారి వాటిని ఒకే రాశిగా కలిపి, బలి ఇచ్చిన కోడి నెత్తురు చిలకరించి, తిరిగి ఇంటింటికీ పంచుతాడు. ఆ గింజలను సొంత విత్తనంలో కలుపుకున్న తరువాతే చల్లడం మొదలుపెట్టాలి. అంతకుముందు చేలో గింజ వేయడం తప్పు. పురుషులు వేటకు వెళ్లడం కూడా ఈ పండుగలో భాగమే. ఇలా గింజలు కలిపి పంచడం వల్ల ఒక ఇంట మేలైన గింజ ఊరందరి చేలకూ చేరేది, నిరుడు విత్తనం పురుగుపట్టి పోయిన కుటుంబానికీ ఎంతో కొంత దక్కేది.

ఈ ఆచారానికి ఆధారం పోడు, అంటే చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో పలు రకాల గింజలను కలిపి చల్లి, కొన్నేళ్లకు మరో చోటికి మారే సేద్యం. ఈ సేద్యం సాగిన, 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వారికి దక్కిన గోదావరి ఎడమ గట్టు ప్రాంతంలోని భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిశాయి. దుమ్ముగూడెంలో నివసించిన మిషనరీ జాన్ కెయిన్ ఆ దశాబ్దంలోనే ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో ఇక్కడి కోయల గురించి రాస్తూ, ఏడాది మొదట్లో దేవతను శాంతింపజేయకపోతే పంట పండదన్న వారి నమ్మకాన్ని నమోదు చేశాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవులను ఏర్పరచి పోడును కట్టడి చేసింది. అయినా అది అంతరించలేదని 1945లో వెలువడిన, ఈ ప్రాంతపు మరో తెగ అయిన కొండరెడ్లపై మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాసిన గ్రంథం చూపుతుంది.

అసలు మార్పు పత్తి, మిరప వంటి అమ్మకపు పంటలతో వచ్చింది. సంకర విత్తనం నుంచి వచ్చిన గింజ మరుసటి ఏడు అదే గుణంతో పండదు గనుక రైతు ఏటా అంగట్లో కొనక తప్పదు; కొన్న విత్తనానికి ఊరి రాశితో పని లేదు.

అమెరికాలో ఈ విత్తనాల పంపకం కథ తలకిందులుగా నడిచింది. అక్కడి మోనార్క్ సీతాకోకచిలుక గొంగళి పురుగులు, మన జిల్లేడు కుటుంబానికి చెందిన మిల్క్‌వీడ్ ఆకులను తప్ప మరేవీ తినవు. 1990ల నుంచి కలుపుమందును తట్టుకునే సోయా, మొక్కజొన్న రకాలు వ్యాపించి, మందు దెబ్బకు ఆ మొక్క పొలాల్లో కరువైపోగా, ఔత్సాహికులు దాని గింజలు ఏరి పంచుతున్నారు. అక్కడ పంపకం నష్టం జరిగిన తరువాతి చికిత్స; మన్యంలో అది నష్టానికి ముందే ఉన్న కట్టుబాటు.

బ్రాండు పేరుతో అమ్మనంత వరకు విత్తనాన్ని దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు రైతుకు ఉందని 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం గుర్తించింది. అయితే ఆ హక్కు అక్కరకు వచ్చేది ఇంట విత్తనం మిగుల్చుకున్న రైతుకే గనుక, విజ్జ పండుం భవిష్యత్తు పండుగ నిర్వహణ మీద కన్నా చేలో జొన్న, కొర్ర, సామ నిలవడం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.