గుప్తనిధుల అన్వేషణలో మెటల్ డిటెక్టరు, కృత్రిమ మేధ

గుప్తనిధుల అన్వేషణ అనగా పూర్వులు భూమిలో దాచినట్లు భావించే ధనాన్ని, నగలను, నాణేలను వెదకి వెలికితీసే ప్రయత్నం. ఇందుకు వాడే పరికరాలలో మెటల్ డిటెక్టరు (లోహశోధకం) ముఖ్యమైనది. ఇటీవల దీనికి కృత్రిమ మేధ కూడా తోడైనది. ఇంగ్లండులో ఇది చట్టానికి లోబడిన కాలక్షేపంగా సాగుతున్నది. ఆంధ్ర దేశంలో మాత్రం ఇది ఎక్కువగా పాత గుడులు, కోటలు, దిబ్బల మీద రాత్రివేళ జరిగే దొంగ తవ్వకాల రూపంలో కనిపిస్తుంది. ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి గుంటూరు జిల్లాలోని పొన్నూరు, దాని చుట్టుపక్కల ప్రాంతాలు మంచి ఉదాహరణ.

పొన్నూరు పరిసరాలు

పొన్ను అనగా బంగారం. పొన్నూరుకు స్వర్ణపురి అనే పేరు కూడా వ్యవహారంలో ఉన్నది. భావనారాయణస్వామి ఆలయం, సహస్రలింగేశ్వరస్వామి ఆలయం ఇక్కడి ప్రసిద్ధ క్షేత్రాలు. ఈ ఊరికి తూర్పున భట్టిప్రోలు (2022 నుండి బాపట్ల జిల్లా), గుంటూరు నుండి పొన్నూరుకు వచ్చే దారిలో చేబ్రోలు ఉన్నాయి. ఈ రెండు చోట్లా రెండు వేల ఏళ్ళ నాటి చరిత్ర నేలలో నుండి బయటపడింది.

భట్టిప్రోలు స్తూపం ఇటుకలు, పాలరాయి పందొమ్మిదవ శతాబ్దంలో ప్రభుత్వ నిర్మాణ పనులకు తరలిపోయాయి. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించగా మూడు రాతి ధాతు కరండాలు దొరికాయి. వాటిలో స్ఫటికపు భరిణెలు, ముత్యాలు, సన్నని బంగారు పూలు ఉన్నాయి. అయితే పండితులకు ఎక్కువ విలువైనవిగా తోచినవి ఆ కరండాల మీది ప్రాకృత శాసనాలు. వీటిని బ్యూలర్ పరిష్కరించి 1894లో ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించాడు. కుబిరకుడనే రాజు పేరు వీటి వలననే తెలిసింది. బ్రాహ్మీలిపిలో ఒక ప్రత్యేక రూపమైన ఈ భట్టిప్రోలు లిపి తెలుగు లిపి పరిణామాన్ని గురించిన చర్చలో తప్పక ప్రస్తావనకు వస్తుంది.

చేబ్రోలు భీమేశ్వరాలయంలో పునరుద్ధరణ పనుల సమయంలో బయటపడిన ఒక సంస్కృత శాసనాన్ని 2019లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ప్రకటించింది. ఇది శాతవాహన రాజు విజయుని అయిదవ పాలనా సంవత్సరానికి, అనగా క్రీ.శ. 207కు చెందినది. దక్షిణ భారతంలో అప్పటి వరకు దొరికిన సంస్కృత శాసనాలలో ఇదే అతి ప్రాచీనమని, సప్తమాతృకల ఆరాధనకు తొలి శాసనాధారం కూడా ఇదేనని ఆ శాఖ పేర్కొన్నది.

చేబ్రోలు శాసనం గానీ, భట్టిప్రోలు కరండాల మీది రాతలు గానీ మెటల్ డిటెక్టరుకు అందేవి కావు. ఆ పరికరం రాతిని, అక్షరాన్ని గుర్తించలేదు.

మెటల్ డిటెక్టరు పనిచేసే విధానం

పరికరం చివర ఉండే తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు ప్రవహించినపుడు దాని చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. దాని పరిధిలో లోహం ఉంటే ఆ లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి. ఇవి తిరిగి కలిగించే బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని మరొక చుట్ట గ్రహించి శబ్దంగా మారుస్తుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు శరీరంలోని తుపాకి గుండును కనుగొనడానికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇటువంటి పరికరాన్నే ప్రయోగించి విఫలుడయ్యాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో మందుపాతరలను గుర్తించడానికి ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

హాబీగా వాడే సాధారణ రకాలు నాణెమంత వస్తువును సుమారు ఒక అడుగు లోతు వరకే పసిగట్టగలవు. దున్నిన పొలాలలో విరిగిన నాగటి ముక్కలు, మేకులు, తీగలు, సీసా మూతలు అన్నీ శబ్దం చేయిస్తాయి. భూమి లోపలి పొరలను చూపే భూవేధక రాడారుకు కూడా ఇక్కడి నల్లరేగడి నేలలు అనుకూలమైనవి కావు. తడిసిన బంకమన్ను విద్యుత్తును బాగా ప్రసరింపజేయడం వలన రాడారు తరంగాలు కొద్ది లోతులోనే క్షీణిస్తాయి.

కృత్రిమ మేధ పాత్ర

ఈ రంగంలో కృత్రిమ మేధ ప్రధానంగా మూడు పనులకు ఉపయోగపడుతున్నది.

మొదటిది సంకేతాల వర్గీకరణ. వేర్వేరు లోహాలు, ఆకారాలు ఇచ్చే సంకేతాలను వేల సంఖ్యలో నేర్పితే, కొత్త సంకేతం ఏ రకానికి దగ్గరగా ఉన్నదో యంత్రం చెప్పగలదు. మందుపాతరలను ఇనుప తుక్కు నుండి వేరుచేసే పరిశోధనలో ఈ పద్ధతి ముఖ్యమైనది. అయితే నేర్చిన ఉదాహరణలలో లేని వస్తువు ఎదురైతే యంత్రం పొరబడుతుంది. అది చెప్పేది సంభావ్యతను మాత్రమే.

రెండవది చిత్రాల పరిశీలన. 2024లో జపానులోని యమగాటా విశ్వవిద్యాలయం, ఐబీఎం పరిశోధకులు కలిసి పెరూ దేశపు నాజ్కా ఎడారిలో 303 కొత్త నేలచిత్రాలను గుర్తించారు. విమాన ఛాయాచిత్రాలలో యంత్రం సూచించిన చోట్లను మనుషులు వడపోసి, ఆ ప్రదేశాలకు వెళ్ళి చూసిన తరువాతనే వాటిని ఖరారు చేశారు.

మూడవది శాసనాల పఠనం. శిథిలమైన గ్రీకు శాసనాలలోని ఖాళీలను పూరించి, వాటి కాలాన్ని, చోటును అంచనా వేసే ఇథాకా అనే వ్యవస్థను 2022లోను, లాటిన్ శాసనాలకు ఈనియాస్ అనే వ్యవస్థను 2025లోను డీప్‌మైండ్ సంస్థ విడుదల చేసింది. భట్టిప్రోలు, చేబ్రోలు వంటి చోట్ల దొరికే సంపద ప్రధానంగా రాతిమీది అక్షరమే కనుక, ఈ మూడవ ఉపయోగమే ఈ ప్రాంతానికి అన్నిటికంటె సన్నిహితమైనది.

విఫలమైన వేటలు, మోసాలు

పద్దెనిమిదవ శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణాన్ని నిర్మిస్తున్నపుడు అక్కడి దీపాలదిన్నెను నిధి కోసము, రాళ్ళ కోసము తవ్వారు. కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే మహాస్తూపం చాలా వరకు చెదిరిపోయింది. మిగిలిన శిల్పాలు నేడు ప్రధానంగా చెన్నై, లండను మ్యూజియములలో ఉన్నాయి.

కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి ఉన్నదనే నమ్మకంతో 2017 డిసెంబరులో ప్రభుత్వ అనుమతితోనే తవ్వకాలు జరిగాయి. యంత్రాలతో నేలను స్కాన్ చేసినా ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి గాని నిధి దొరకలేదు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని దౌండియాఖేడాలో ఒక సాధువుకు వచ్చిన కల తరువాత జరిగిన తవ్వకంలో కూడా బంగారం దొరకలేదు.

దూరం నుండే బంగారాన్ని చూపుతాయని అమ్మే పరికరాల విషయంలో జాగ్రత్త అవసరం. గోల్ఫ్ బంతులను వెదికే ఆటవస్తువు నుండి పుట్టిన ఒక నకిలీ బాంబు శోధకాన్ని ఇరాక్‌తో సహా పలు దేశాలకు అమ్మిన వ్యాపారికి 2013లో బ్రిటన్ న్యాయస్థానం శిక్ష విధించింది. పరికరానికి కృత్రిమ మేధ అనే పేరు తగిలించినంత మాత్రాన దానికి లేని శక్తి రాదు.

చట్టం

భారత నిక్షేప నిధుల చట్టం, 1878 ప్రకారం భూమిలో దాగి ఉండి దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల దేనినైనా కనుగొన్న వ్యక్తి జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దానిని ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా కోరినపుడు అప్పగించడానికి హామీ ఇవ్వాలి. విచారణలో సొంతదారు లేని నిధిగా తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు కనుగొన్నవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు చెందుతుంది. ప్రభుత్వం దానిని తీసుకోదలిస్తే పదార్థపు విలువకు అయిదవ వంతు కలిపి చెల్లించాలి. తెలియజేయకుండా దాచిన వ్యక్తికి ఏడాది వరకు జైలుశిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. చెరువు పూడికతీతలో గాని, పునాది గుంటలో గాని అనుకోకుండా నాణేలు దొరికిన కూలీకి, రైతుకు ఈ విషయం తెలిసి ఉండడం మేలు. దాచుకుంటే నేరం, తెలియజేస్తే హక్కు.

రక్షిత కట్టడాలకు హాని చేస్తే 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ళ వరకు జైలుశిక్ష, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. రాష్ట్ర రక్షిత స్థలాలకు ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి ప్రత్యేక చట్టం ఉన్నది. ఇంగ్లండులో 1996 నాటి నిధుల చట్టం కింద నిధిగా లెక్కకు వచ్చే వస్తువులను అధికారులకు తెలియజేయడం తప్పనిసరి. ఇతర వస్తువులను స్వచ్ఛందంగా నమోదు చేసే పథకం 1997లో మొదలైంది.

చరిత్రకు కలిగే నష్టం

ఒక వస్తువు ఏ పొరలో, ఏ లోతులో, వేటి పక్కన దొరికిందన్నదే పురావస్తు శాస్త్రానికి ఆధారం. రాత్రికి రాత్రి పెకలించిన నాణెం చేతికి దక్కినా, దాని కాలాన్ని, అది అక్కడికి చేరిన కారణాన్ని చెప్పే మట్టి చెదిరిపోతుంది. అలా చెరిగిన ఆధారాన్ని తరువాత ఏ యంత్రమూ తిరిగి సమకూర్చలేదు. భట్టిప్రోలు కరండాలను బంగారు పూల కోసం పగులగొట్టి ఉంటే కుబిరకుని పేరు నేడు ఎవరికీ తెలిసేది కాదు.