ఊపిరితిత్తుల పొరకు క్షయ: నీరు, చీము, చికిత్స

ఊపిరితిత్తులను కప్పి ఉంచే రెండు పలుచని పొరలను ప్లూరా అంటారు. క్షయ సోకినప్పుడు ఆ పొరల నడుమ నీరు చేరడం మన దేశంలో తరచుగా కనిపించే పరిణామం. ‘నెమ్ము చేరింది’ అని జనం అనేది చాలా సందర్భాలలో దీనినే. సాధారణంగా ఒక పక్కనే చేరుతుంది. జ్వరం, పొడిదగ్గు, ఊపిరి పీల్చినప్పుడు పక్కలో పోటు, ఆయాసం దీని లక్షణాలు.

ఈ నీటిలో క్రిములు బహు స్వల్పం. అందువల్ల కళ్లె పరీక్షలోనూ, నీటిపై జరిపే జన్యు పరీక్షలోనూ ఏమీ తేలనంత మాత్రాన క్షయ లేదని చెప్పలేము. సూదితో తీసిన నీటిలో లింఫోసైట్లు అధికంగా ఉండి, ఏడీఏ అనే ఎంజైము లీటరుకు 40 యూనిట్లు దాటితే వైద్యులు క్షయ వైపు మొగ్గుతారు. క్యాన్సర్ సందేహం ఉన్నచోట పొర ముక్కను తీసి పరీక్షిస్తారు.

చికిత్స సాధారణంగా 6 నెలలు. మొదటి 2 నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తరువాతి 4 నెలలు పైరజినమైడ్ మినహా మిగిలిన మూడు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇవి ఉచితం. ఆయాసం హెచ్చుగా ఉంటే నీటిని తీస్తారు. అయితే ఒక విడతలో సాధారణంగా లీటరున్నరకు మించి తీయరు. అణగి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దానిలోపలే నీరు ఊరే ప్రమాదముంది. మందులు మొదలైన కొన్ని వారాలకు నీరు పెరిగినా, మందు పనిచేయడం లేదని వెంటనే నిర్ణయించరాదు. స్టెరాయిడ్లు నీటిని త్వరగా తగ్గించవచ్చు గాని, శ్వాస సామర్థ్యానికి మేలు చేస్తాయనేందుకు తగిన ఆధారాలు లేనందున అందరికీ ఇవ్వరు.

అసలు చిక్కు మరొకటి. ఈ నీరు మందులు లేకపోయినా తగ్గిపోగలదు. రోగి కోలుకున్నానని భ్రమించేది ఇక్కడే. అమెరికా సైనిక సిబ్బందిపై 1955లో వెలువడిన అధ్యయనంలో, మందులు పొందనివారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి తరువాతి కాలంలో క్షయ తిరగబెట్టింది.

నీటికి బదులు చీము చేరితే స్థితి తీవ్రం. దానిని ఎంపయీమా అంటారు. చీము చుట్టూ పొర దళసరిగా గట్టిపడితే మందు లోపలికి చాలినంత చేరదు. ఆ కొరతలో క్రిములు మందులకు లొంగని శక్తిని సంతరించుకోవచ్చు. అందుకే మాత్రలతో సరిపెట్టక పక్కటెముకల నడుమ గొట్టం అమర్చి చీమును బయటకు తీయాలి. ఊపిరితిత్తి విచ్చుకోకుండా బిగుసుకుంటే, కెమెరా సాయంతోనో ఛాతీ తెరిచో గట్టిపడిన పొరను ఒలిచివేస్తారు. పెద్ద శస్త్రచికిత్సకు తట్టుకోలేనివారికి ఛాతీ గోడలో కిటికీవంటి మార్గం ఏర్పరుస్తారు. లియో ఎలోసర్ 1935లో వివరించిన ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. విచిత్రమేమంటే, క్షయ మందులు రాకముందు ఊపిరితిత్తికి విశ్రాంతి కల్పించడానికి వైద్యులే పొరల మధ్యకు గాలి ఎక్కించేవారు. ఆ చికిత్స కారణంగానే చీము పట్టిన రోగులూ ఉండేవారు.

చికిత్స కాలంలో కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే వైద్యుని సంప్రదించాలి. నిక్షయ్ పోషణ్ యోజన కింద పోషకాహారానికి ఇచ్చే నెలసరి సాయం 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. ఊపిరితిత్తుల పొరకు క్షయ సోకినవారూ నిక్షయ్‌లో నమోదై దీనిని పొందవచ్చు.