కంపెనీ అదాలతులలో హత్యానేర ముద్దాయి

1790 డిసెంబరు 3వ తేదీన గవర్నర్ జనరల్ లార్డ్ కార్న్‌వాలిస్ బెంగాలు ఫౌజ్‌దారీ న్యాయపాలనను మార్చివేస్తూ కొన్ని నిబంధనలు ప్రకటించాడు. వాటిలో హత్యానేరానికి సంబంధించి ముఖ్యమైనవి రెండు. చంపినవాని ఉద్దేశాన్ని చూడవలెను గాని అతడు వాడిన ఆయుధాన్ని కాదన్నది మొదటిది. హతుని వారసులు క్షమించినా శిక్ష ఆగరాదన్నది రెండవది. చరిత్ర గ్రంథాలు ఈ రెంటినీ సంస్కరణలుగానే పేర్కొంటాయి. కాని బోనులో నిలబడిన ముద్దాయికి వీటివల్ల ఏమి దక్కింది, ఏమి పోయింది అన్న విచారణ అంతగా జరుగలేదు.

అప్పటికి బెంగాలులో అమలులో ఉన్న నేరన్యాయం హనఫీ ఫిఖహ్. 1772లో వారన్ హేస్టింగ్స్ ఏర్పరచిన ఫౌజ్‌దారీ అదాలతులలో ఖాజీ, ముఫ్తీ, వారికి తోడుగా మౌల్వీలు ఉండేవారు. 1790 తరువాత ఆంగ్ల న్యాయాధికారులు సర్క్యూట్ కోర్టులలో కూర్చున్నా, తీర్పుకు ఆధారం ఫత్వాయే. విచారణ ముగిశాక కేసు కాగితాలు ఖాజీ, ముఫ్తీల ముందుంచేవారు. నేరం రుజువైనదా, షరీఅత్ ప్రకారం శిక్ష యేమి అన్నది వారు వ్రాసి మొహరు వేసేవారు. న్యాయాధికారి దానితో ఏకీభవించకపోయినా, మరణశిక్ష విధించవలసి వచ్చినా వ్యవహారం నిజామత్ అదాలతుకు వెళ్ళేది. 1802 తరువాత మద్రాసు రాజధానిలోనూ ఇదే పద్ధతి వచ్చింది. కనుక ఉత్తర సర్కారులలో హత్యానేరం మోపబడిన తెలుగు రైతు, అతడు ఏ మతంవాడైనా, ఫత్వా క్రిందికే వచ్చేవాడు.

ఆ ఫత్వాలో ముద్దాయికి రక్షణ ఎక్కడిది? సందేహం ఉన్నచోట ప్రాణం తీయరాదన్న సూత్రం మొదటిది. ఖిసాస్ విధించాలంటే ప్రత్యక్ష సాక్షులు కావాలి. వారు చోటు విషయంలోనో, కాలం విషయంలోనో, ఆయుధం విషయంలోనో ఒకరికొకరు విరుద్ధంగా చెబితే సాక్ష్యం నిలువదు. బలవంతంగా చెప్పించిన ఒప్పుకోలు చెల్లదు. హత్యలలో తరగతుల విభజన కూడా ముద్దాయికి రక్షణే. పదునైన ఆయుధంతో చంపితేనే ‘అమ్ద్’, అనగా బుద్ధిపూర్వక హత్య అవుతుందని, కర్రతోనో బండరాతితోనో కొట్టగా మరణిస్తే అది ‘షిబ్‌హె అమ్ద్’ మాత్రమేనని, అందుకు దియత్ చెల్లించాలే గాని ఖిసాస్ లేదని ఇమామ్ అబూ హనీఫా (మ. 767) అభిప్రాయం. మనసులోని ఉద్దేశం కంటికి కనబడదు, ఆయుధం కనబడుతుంది అన్నదే ఇందలి తర్కం. ఆయన శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్‌లు ఇందుకు అంగీకరించలేదు. సాధారణంగా ప్రాణం తీసేంత బరువైన వస్తువుతో కొట్టినా అది అమ్దేనన్నారు. కార్న్‌వాలిస్ శిష్యుల మాటనే ఎన్నుకున్నాడు. అంటే ఈ మార్పు ఫిఖహ్ పరిధి దాటినది కాదు. కాని ఫుఖహాల మధ్యగల భేదాభిప్రాయంలో ఏది గ్రాహ్యమో నిర్ణయించే అధికారం ఆనాడు ముఫ్తీ చేతినుండి గవర్నర్ జనరల్ చేతికి మారింది.

వారసుల క్షమాపణ మాట వేరు. అది ఖుర్‌ఆన్‌లోని అల్ బఖరా సూరా 178వ ఆయత్ మీద నిలిచిన హక్కు. వారసులలో ఒక్కరు క్షమించినా ఖిసాస్ తొలగిపోతుంది, మిగిలినవారికి దియత్‌లో వారి వాటా దక్కుతుంది. (ఖిసాస్‌ను తెలుగులో ‘ప్రతీకారం’ అని అనువదించడం పరిపాటి. క్షమించే అధికారం కూడా కలిసివున్న ఈ హక్కుకు ఆ మాట సరిపోదు.) కంపెనీ ప్రభుత్వం దీనిని పూర్తిగా మూసివేసింది. వారసులు హాజరు కాకపోయినా, ఫిర్యాదుకు నిరాకరించినా, వారంతా వచ్చి ఖిసాస్ కోరినట్లే భావించి ఫత్వా ఇవ్వవలసిందని 1793 నాటికి నిబంధన ఏర్పడింది. లేనిదానిని ఉన్నట్లు ఊహించి ఫత్వా వ్రాయడం! ఆ కాగితం మీద మొహరు వేయవలసివచ్చిన ముఫ్తీల స్థితి ఊహించవచ్చును.

కంపెనీ వారి ఫిర్యాదులో నిజం లేకపోలేదు. ధనవంతుడైన హంతకుడు దిక్కులేని వితంతువును బెదిరించో, కొద్ది సొమ్ము పారవేసో క్షమాపణ రాబట్టుకొనే వీలు ఉన్నది. బిడ్డను చంపిన తండ్రిపై ఖిసాస్ లేదన్న నియమం ఆసరాగా నేరస్తులు తప్పించుకొనడమూ సాధ్యమే; 1799లో దానిని కూడా తొలగించారు. అయితే షరీఅత్‌లోనూ ఇందుకు మందు ఉన్నది. ఖిసాస్ తొలగినా పాలకుడు తాజీర్ క్రింద శిక్షించవచ్చును. దానిని సవ్యంగా వాడితే సరిపోయేదానికి తలుపునే పెకలించివేశారు.

మరి ఆ చోట ఏమి పెట్టారు? 1793 నాటి 7వ రెగ్యులేషన్ వకీళ్ళను ఏర్పాటు చేసింది. కాని అది సివిల్ కోర్టులకు. భూమి తగాదాకు వకీలు ఉన్నాడు, ప్రాణం మీదికి వచ్చినవానికి ఆ ఏర్పాటు లేదు. బెంగాలులో కోర్టు కాగితాలు 1837 వరకు పారసీలో నడిచినవన్నది కూడా గుర్తుంచుకోవాలి. దీనికి ఆశ్చర్యపడవలసిన పనిలేదు. ఇంగ్లండులోనే ఘోరనేర ముద్దాయి తరఫున న్యాయవాది జ్యూరీ ఎదుట వాదించే హక్కు 1836 చట్టంతో గాని రాలేదు. అంతవరకు సాక్షులను ప్రశ్నించడానికే అతనికి అనుమతి. తమ ఇంటిలో లేని వస్తువును వారు ఇక్కడికి ఎక్కడనుండి తెస్తారు?

ఆ తరువాతి కథ త్వరగా నడిచింది. 1832లో బెంగాలు ఆంగ్ల న్యాయాధికారులకు ఫత్వాను అడగకుండానే విచారణ జరిపే వీలు కలిగింది. 1862 జనవరి 1న భారత శిక్షాస్మృతి అమలులోకి రాగా హత్యానేర విచారణలో ఫిఖహ్ ప్రమేయం ముగిసింది.

న్యాయవాది ద్వారా వాదించుకొనే హక్కు 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 340వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. కాని అది న్యాయవాదిని తెచ్చుకోగలవానికి. తెలంగాణా రైతాంగ పోరాట కాలంలో హైదరాబాదు రాష్ట్ర ప్రత్యేక ట్రిబ్యునల్ మరణశిక్ష విధించిన ముద్దాయిలు తమకు న్యాయవాది లేడన్న మొరతో సుప్రీంకోర్టు కెక్కినప్పుడు, 1951లో జస్టిస్ సయ్యద్ ఫజల్ అలీ వ్రాసిన తీర్పు ఆ ఒక్క కారణంతో విచారణ చెల్లకుండా పోదన్నది. న్యాయవాదిని పెట్టుకొనే స్తోమతలేని ముద్దాయికి సెషన్స్ కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇవ్వవలెనన్న నిబంధన 1973 కోడ్ 304వ సెక్షన్‌తో వచ్చింది. 2024 జూలై 1న ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 341వ సెక్షన్.