అశౌచము – భృత్యధర్మము – స్వామిధర్మము



“స్వామీ, మాకు సెలవు మూడు దినములే. పదవనాటి కర్మను మూడవనాడే ముగింపవచ్చునా?” అని అడుగు గృహస్థులు నేడెందరో కలరు. ఆస్తికమహాశయులారా! బదులు చెప్పుటకు పూర్వము, మన శాస్త్రములు జీవికను, మృత్యువును ఎట్లు సమన్వయించినవో చూడవలెను.

మనుస్మృతి పంచమాధ్యాయము సపిండులకు దశాహాశౌచమును విధించి, వర్ణభేదముచే 10, 12, 15, 30 దినముల అవధులను చెప్పినది. సింహాసనస్థుడైన రాజునకు మాత్రము సద్యఃశౌచమే. ప్రజారక్షణము ఆగరాదనుట అందలి హేతువు. విష్ణుస్మృతి ఈ మినహాయింపును విస్తరించినది. శిల్పులకు తమ శిల్పకర్మయందును, రాజాజ్ఞాకారులకు రాజేచ్ఛను బట్టి రాజకార్యమందును అశౌచము లేదన్నది.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. ఈ సడలింపు ఆయా కర్మలకే పరిమితము. అది కార్యభంగము కాకుండుటకు ఏర్పడినదే గాని, దుఃఖితుని ఊరటకు ఏర్పడినది కాదు.

దుఃఖితుని పక్షమున పలికినవాడు కౌటిల్యుడు. అర్థశాస్త్రము పంచమాధికరణమున భృత్యభరణీయమను అధ్యాయము కలదు. విధులలో మరణించిన భృత్యుని భార్యాపుత్రులకు భక్తవేతనములు చెందవలెననియు, భృత్యుల యింట మరణము, వ్యాధి, ప్రసవము సంభవించినచో రాజు వారిని ధనముతోను మానముతోను ఆదరింపవలెననియు అందు విధింపబడినది. భృత్యుని శోకము స్వామికి కర్తవ్యమగుచున్నదని దీని భావము.

ఆధునిక శాసనములు ఈ తలంపునకు మెల్లగా చేరుచున్నవి. 18 ఏండ్లలోపు సంతానమును కోల్పోయిన ఉద్యోగులకు రెండు వారముల సెలవునిచ్చు చట్టము బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ 6న అమలులోనికి వచ్చినది. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 2025లో రద్దగువరకు పెద్దలకు 20 పనిదినములకు ఒకటి చొప్పున వేతనసహితమైన సెలవునిచ్చెడిది గాని, మరణనిమిత్తమని వేరుగా చెప్పలేదు. కావున శ్రామికుడు విశ్రాంతికై కూడబెట్టుకొన్న దినములనే శోకమునకు వెచ్చింపవలసి వచ్చెడిది.

ఇక గృహస్థుల ప్రశ్నకు నా మనవి యిది. జీవిక అనివార్యమైనచో ఉద్యోగమునకు వెళ్లుడు. దశాహమును మాత్రము కుదింపకుడు. పనికి పోవుటకు ముందో, వచ్చిన పిదపనో మీ పురోహితుల సలహాపై నియమములను పాటింపుడు. పదుగురికి జీతమిచ్చు స్థానమున నున్న పాఠకులకు వేరొక మనవి. తల్లిని దహనము చేసి వచ్చినవానిని సెలవుచీటి అడుగుటకు ముందు, కౌటిల్యుడు ధనముతోపాటు మానమును కూడ ఏల చెప్పెనో ఒక్క క్షణము విచారింపుడు.

ఇతి శమ్.