విచ్చుకోని గొడుగు

2018 మార్చి 29, గురువారం సాయంత్రం 4:56. అప్పటికింకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ-ఎఫ్08 లేచింది. దాదాపు పద్దెనిమిది నిమిషాలకు సమాచార ఉపగ్రహం జీశాట్-6ఏ కక్ష్యలో చేరింది. చప్పట్లు మోగాయి. ఇస్రో అధ్యక్షుడిగా శివన్‌కు అది తొలి ప్రయోగం. రెండు రోజులు తిరక్కుండానే ఆ ఉపగ్రహం మూగబోతుందని ఆ గదిలో ఎవరికీ తెలియదు. మనకు తెలుసు. అందుకే ఆ చప్పట్లు ఇవాళ తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఆ ఉపగ్రహం ఒంటికి ఒక యాంటెన్నా కట్టి ఉంది. విప్పితే 6 మీటర్ల వెడల్పు. రాకెట్ తలలో అంత చోటు లేదు కనుక దాన్ని గొడుగులా ముడిచి పంపారు. ఎందుకంత పెద్దది?

ఈ ఉపగ్రహం మాట్లాడాల్సింది కదిలేవాటితో. వేటకు వెళ్ళిన పడవ నిలకడగా ఉండదు. యాంటెన్నాకు గెయిన్ పెంచితే కొత్త శక్తేమీ పుట్టదు, ఉన్నదే ఒక దిక్కుకు పోగవుతుంది. పోగైన కొద్దీ ఆ దారి ఇరుకవుతుంది. కెరటానికి పడవ ఒరిగినా, గుంతలో జీపు ఊగినా, మాట నీళ్ళలోకో మబ్బుల్లోకో జారిపోతుంది. కదిలేవాటికి అన్ని వైపులా చూసే తక్కువ గెయిన్ యాంటెన్నాయే మేలు. అక్కడ తగ్గిందంతా మాటను అందుకుని మళ్ళీ పంపే రిపీటర్, అంటే ఉపగ్రహం, భరించాలి. ఆ రిపీటర్ 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటే, చేతిలో ఇమిడే పరికరం పంపే సన్నని సంకేతాన్ని అందుకోవడానికి దాని యాంటెన్నా విశాలంగా ఉండాలి. వ్యాసం రెండింతలైతే గెయిన్ నాలుగింతలు. కిందివాడి చేతిలో బరువు తగ్గించాలని పైవాడు నెత్తికెత్తుకున్న భారం అది. ఇంజనీరింగ్‌లో ఇంతకంటే దయగల లెక్క నాకు కనిపించలేదు.

ఆ లెక్క ఒకసారి ఫలించింది కూడా. 2015 ఆగస్టు 27న ఇదే తీరం నుంచి వెళ్ళిన జీశాట్-6 తన యాంటెన్నాను చక్కగా విప్పుకుంది. దానికి తోడుగా వెళ్ళిందే ఈ 6ఏ. నిజానికి ఈ రెండూ 2005లో ఇస్రో వాణిజ్య సంస్థ యాంట్రిక్స్‌కూ, దేవాస్ అనే ప్రైవేటు సంస్థకూ మధ్య కుదిరిన ఒప్పందం కోసం తలపెట్టినవి. 2011లో ఒప్పందం రద్దయింది. ఆ తగవులో కరిగిపోయిన ఏళ్ళు ఎవరు తిరిగి తెస్తారు?

2018 మార్చి 30న 6ఏ ఇంజన్ మండింది, కక్ష్య పెరిగింది. 31 ఉదయం రెండోసారి, ఇంచుమించు 53 నిమిషాలు, అదీ సవ్యంగానే. ఇక మిగిలింది ఒక్క మంట, ఏప్రిల్ 1న. ఆ తర్వాతే గొడుగు విచ్చుకోవడం. పదేళ్ళ ఆయుష్షుకూ ఉపగ్రహానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క రోజు. రెండో మంట ఆరాక కొద్దిసేపటికే సంబంధం తెగింది.

హాసన్‌లోని నియంత్రణ కేంద్రం పిలిచింది. నేల మీది పెద్ద యాంటెన్నాలు దాని జాడకై తిరిగాయి. అవతలి నుంచి పిసరంత సంకేతం వచ్చినా అవి వేల రెట్లు పెంచి పట్టుకునేవే. కానీ సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే కదా! ఏప్రిల్ 1న, మూడో మంట మండాల్సిన రోజున, ఇస్రో ఆ వార్త చెప్పింది. విద్యుత్ వ్యవస్థను అనుమానించారు. ఆ నెలలోనే, ప్రయోగానికి ఫ్రెంచ్ గయానాలోని కౌరూ చేరిన జీశాట్-11 ఉపగ్రహాన్ని మళ్ళీ పరీక్షించాలని వెనక్కి రప్పించారు. డిసెంబరులో అది క్షేమంగా కక్ష్యకు చేరింది. 6ఏ నేర్పిన జాగ్రత్త ఇంకొకరికి పనికొచ్చింది, దానికి మాత్రం రాలేదు.

ఆ తర్వాత రైలింజన్లు తామెక్కడున్నామో జీశాట్-6 ద్వారా చెబుతూ వచ్చాయి. 2024 ఆగస్టులో, లక్ష వేట పడవలకు ఉపగ్రహంతో సందేశాలు పంపుకునే పరికరాలు అమర్చే పథకం మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో మొదలైంది. మన కృష్ణపట్నం వైపు పడవలూ తుపాను వేళ ఒడ్డుతో మాట్లాడాలని ఎదురుచూసేవే. వాటి కోసం మడిచిపెట్టిన ఆ 6 మీటర్ల వల ఒక్కసారైనా విచ్చుకోలేదు.